ఫైర్‌ప్లేస్ ఫ్యానూ, ఫిర్యాదులు లేని ఆర్విడ్

"ఈ పని చేసినవాడెవడో గానీ, వాడికి ఈ ఇంటిమీద పాత పగ ఏదో ఉండి ఉండాలి," అంది మారెన్, గోడలోంచి స్విచ్చు ఊడబెరుకుతూ.

"నేనే చేశాను," అన్నాడు ఆర్విడ్.

"అనుకున్నాను."

ఆల్డర్ బే ఊళ్ళో పొగగొట్టాలు ఊడ్చాలన్నా, కట్టెల స్టవ్‌లు బాగు చేయాలన్నా, ఫైర్‌ప్లేస్ వేడిని గదిలోకి ఊదే ఫ్యాన్లకి వైర్లు కలపాలన్నా మారెన్ టోలెఫ్‌సన్‌నే పిలవాలి. పని ఆమెకి తండ్రి నేర్పాడు. నోరు మాత్రం ఆమె సొంత సంపాదన.

ఆర్విడ్ లాహ్టి ఆ ఊరి రేడియోలో పొద్దున్నే వాతావరణం చదివే మనిషి. బయట సున్నాకి ముప్ఫై డిగ్రీలు కిందకి పడిపోయి, ఇంజను గడ్డకట్టకుండా రాత్రంతా కరెంటు ప్లగ్గుకి తగిలించి ఉంచిన కార్లు కూడా స్టార్టు కాకుండా మొండికేసిన రోజున సైతం, "ఇవాళ కాస్త చల్లగా ఉందండీ. మరీ అంత కాదులెండి," అంటాడు. ఆ ఒక్క మాటకి ఊరు ఊరంతా అతన్ని నెత్తిన పెట్టుకుంటుంది. మిన్నెసోటా ఉత్తరపు కొసన ఫిర్యాదు చేయడం అంటే పదిమంది మధ్య అన్నం తింటూ ముక్కు చీదడంతో సమానం. చేస్తే ఎవరూ ఏమీ అనరు. మళ్ళీ భోజనానికి పిలవరు, అంతే.

"ఇదేంటో తెలుసా?" స్విచ్చుని అతని ముక్కు ముందు ఆడించింది మారెన్.

"స్పీడు కంట్రోలు."

"లైటు డిమ్మరు, మహానుభావా! బల్బు వెలుతురు తగ్గించుకోవడానికి. డిన్నరుకి అమ్మాయిని పిలిచి, కొవ్వొత్తి దొరకనివాళ్ళు వాడుకునేది. దీనికి మోటారు తగిలిస్తే అది మూలుగుతుంది, వేడెక్కుతుంది, చివరికి మాడి చస్తుంది."

"మూలిగింది."

"మరి?"

"మరీ అంత గట్టిగా కాదు."

మారెన్ కళ్ళు మూసుకుని ఒక నిట్టూర్పు విడిచింది. పాపం, ఆర్విడ్ ఉద్దేశం మంచిదే. ఆ ఫ్యానుకి ఉన్నది ఒకటే వేగం, గాలివాన వేగం. ఊళ్ళో వాళ్ళ పుట్టినరోజు శుభాకాంక్షలూ, చావు కబుర్లూ అతను ఇంట్లోనే కూర్చుని రికార్డు చేస్తాడు. ఆ ఫ్యాను హోరుకి, పోయినవాళ్ళందరూ విమానమెక్కి పోతున్నట్టు వినపడుతోందని స్టేషన్‌లో నవ్వుకున్నారు. దాంతో అయ్యగారు స్వయంగా రంగంలోకి దిగారు. ఫలితం ఇదిగో, మారెన్ చేతిలో ఉంది.

కరెంటు ముందే కట్టేసినా, టెస్టరు పెట్టి ఇంకోసారి చూసుకుని, ఆమె పనిలోకి దిగింది. ఫ్యానుకి కరెంటు తీసుకెళ్ళే నల్ల వైరులో, డిమ్మరు ఊడిన రెండు కొసల మధ్య అసలైన మోటారు కంట్రోలుని కలిపింది. తెల్ల వైరు జోలికి పోలేదు. ఆకుపచ్చ వైరుని ఇనప డబ్బాకి బిగించింది. పక్కన మోకాళ్ళమీద కూర్చుని టార్చి పట్టుకోవడం ఆర్విడ్‌కి అప్పగించిన ఉద్యోగం.

"టార్చి వైర్ల మీద వెయ్యి," అంది మారెన్ తలెత్తకుండానే. "నా మొహంలో కరెంటు లేదు."

"సారీ."

టార్చి కిందకి దిగింది. కాసేపటికి మళ్ళీ పైకి పాకింది. మారెన్ ఈసారి ఏమీ అనలేదు. అనకపోవడానికి కారణం ఉంది, అది ఆమెకీ తెలుసు. ఏడాదికి ఒక్కసారి ఊడిస్తే చాలే పొగగొట్టాన్ని ఈ మనిషి మూడుసార్లు ఊడిపించుకుంటాడు. ఆ జిల్లా మొత్తంలో అంత శుభ్రమైన పొగగొట్టం ఇంకోటి లేదు. అతను ఫోన్ చేసినప్పుడల్లా, అవసరం లేదని తెలిసినా ఆమె బయల్దేరుతుంది. ఇద్దరికీ ఇష్టమే. చెప్పుకోవడమే మిగిలింది. ఆ ఊళ్ళో అదొక్కటే కష్టమైన పని.

మూత బిగించి మారెన్ వెనక్కి వాలింది. పని కుదిరినప్పుడు ఆమె మొహంలో ఒక నవ్వు వస్తుంది, ఎవరి కోసమూ కాని నవ్వు. ఆర్విడ్ ఆ నవ్వు చూసి, టార్చి ఆర్పడం మర్చిపోయి, కాఫీ తెస్తానంటూ వంటగదిలోకి పరిగెత్తాడు.

ఫైర్‌ప్లేస్ అడుగున ఒక చిన్న స్విచ్చు అతుక్కుని ఉంటుంది. అది వేడెక్కితే తప్ప ఫ్యాను తిరగదు. మంట ఆర్పి పని చేశారు కాబట్టి, మారెన్ కరెంటు వేసి, లైటరుతో దాన్ని కాస్త వెచ్చబెట్టి, కొత్త కంట్రోలు నాబ్‌ని క్లిక్‌మనిపించింది. ఫ్యాను గిర్రున తిరిగింది. సరేనని కట్టేసింది. నాబ్ ఎలా తిప్పాలో కాఫీ తాగుతూ చెబుదామనుకుంది.

కాఫీ వచ్చింది. దారంతా కారులో మారెన్ సాధన చేసుకుంటూ వచ్చిన మాట కూడా అప్పుడే బయటికి వచ్చింది.

"అలాస్కాలో ఒక స్టవ్ కంపెనీ వాళ్ళు నన్ను రమ్మంటున్నారు. ఫెయిర్‌బ్యాంక్స్‌లో. సోమవారం లోగా అవునో కాదో చెప్పాలి."

ఇక్కడి చలి చాలక ఇంకా చలి ఉన్న చోటికి పోవడమేంటని ఎవరైనా అడగొచ్చు. మారెన్ కోరుకున్నది కూడా అదే. ఎవరైనా కాదు, ఈ మనిషి అడగాలి. ఒక్క మాట చాలు. వెళ్ళకు అంటే వెళ్ళదు. అంత సులువు.

ఆర్విడ్ కప్పులోకి చూశాడు. కిటికీలోంచి మంచులోకి చూశాడు. కాఫీ ఒక గుటక తాగాడు.

"మంచి అవకాశమే మరి," అన్నాడు.

"అవును కదా," అంది మారెన్.

"అక్కడ స్టవ్‌లు ఎక్కువ ఉంటాయి."

"ఉంటాయి. ఊరంతా స్టవ్‌లే. మనుషులు తక్కువ. అదీ ఒక సుఖమే."

స్క్రూడ్రైవర్లన్నీ సంచిలో దబదబా పడ్డాయి. "ఓవెన్‌లో బంగాళాదుంపల హాట్‌డిష్ ఉంది, తిని వెళ్ళు," అన్నాడు ఆర్విడ్. "వద్దు," అంది ఆమె. ఆ ఊళ్ళో మొదటి వద్దుని ఎవరూ లెక్కలోకి తీసుకోరు, మళ్ళీ అడగాలి. రెండోసారి అడగడానికి అతను నోరు తెరిచేసరికి ఆమె కారు రోడ్డు మలుపులో ఉంది. నాబ్ సంగతి ఎవరికీ గుర్తులేదు.

*

మర్నాటి నుంచీ రేడియోలో ఒక కొత్త శబ్దం మొదలైంది.

"శుభోదయం... హాచ్... ఇవాళ కాస్త చల్లగా ఉందండీ. మరీ... హాచ్... అంత కాదులెండి."

"మీ ఆర్విడ్‌కి జలుబు చేసినట్టుందే," అన్నాడు మారెన్ తండ్రి క్లారెన్స్. మోకాళ్ళు అరిగిపోయాక ఆయన నిచ్చెనలెక్కడం మానేసి షాపులో కూర్చుంటున్నాడు. మధ్యాహ్నం కాఫీ హోటలుకి వెళ్ళి ఊరి కబుర్లు మోసుకొస్తాడు.

"మా ఆర్విడ్ ఏంటి నాన్నా?"

"సరే తల్లీ, ఊరుమ్మడి ఆర్విడ్. సంతోషమేనా?"

మారెన్ రేడియో కట్టేసింది. కానీ పని చేసినవాళ్ళు అది ఎలా ఉందో కనుక్కోవడం మర్యాద కాబట్టి, కేవలం మర్యాద కోసమే, ఫోన్ చేసింది.

"ఫ్యాను ఎలా ఉంది?"

"బాగుంది. చాలా నిశ్శబ్దంగా ఉంది."

"వేడి గాలి గదంతా వస్తోందా?"

అటువైపు ఒక తుమ్ము వినపడింది. "ఫిర్యాదులేమీ లేవు," అంది ముక్కు దిబ్బడేసిన గొంతు.

"నన్నేమైనా అడగాలా?"

"అబ్బే, ఏం లేదు. నువ్వు సామాన్లు సర్దుకునే హడావుడిలో ఉంటావు కదా."

"ఆ. తెగ హడావుడిలో ఉన్నా," అని ఆమె ఫోన్ పెట్టేసింది. సర్దుకోవడానికి ఆమె ఇంకా పెట్టె కూడా కిందకి దించలేదు.

శుక్రవారం క్లారెన్స్ హోటల్నుంచి తిరిగొచ్చి, కోటు విప్పకుండానే కూతురి ఎదురుగా కుర్చీ లాక్కున్నాడు. పెద్ద కబురు ఉంటే తప్ప ఆయన కోటుతో కూర్చోడు.

"ఆర్విడ్ రోజూ సాయంత్రం లైబ్రరీకి వెళ్తున్నాడట. తలుపులు మూసేదాకా అక్కడే ఉంటున్నాడట."

"చదువుకుంటున్నాడేమో."

"ఆ, చదువే. కొత్త లైబ్రేరియన్ వచ్చింది కదా, లిన్నియా అని. నవ్వితే బుగ్గలు సొట్టలు పడతాయి. ఆ పాఠమే చదువుతున్నాడని హోటల్లో అందరూ అంటున్నారు."

"మంచిదే కదా," అంది మారెన్.

"మంచిదే అంటున్నావు గానీ, ఆ గిన్నె తోమడం మొదలెట్టి చాలాసేపైంది. అడుగు చిల్లు పడుతుంది."

"నాన్నా!"

"నేనేమన్నానమ్మా? ఫెయిర్‌బ్యాంక్స్‌లో గిన్నెలు దొరుకుతాయిలే."

మారెన్ ఒళ్ళు మండిపోయింది. టార్చి ఒకరి మొహం మీద, ప్రేమ ఇంకొకరి మీదనా! మంచి అవకాశమే అన్నాడంటే ఎందుకనడూ, అతని అవకాశం లైబ్రరీలో పుస్తకాల మీద ముద్ర గుద్దుతోంది మరి. సోమవారం దాకా ఆగడం దేనికి, రేపే ఫోన్ చేసి వస్తున్నానని చెప్పేస్తానని ఆమె నిశ్చయించుకుంది. ఆ రాత్రి గదిలో కూర్చుని కాస్త ఏడ్చింది కూడా. నోరున్న మనుషులు ఏడవరని ఎవరన్నారు?

*

శనివారం మధ్యాహ్నం ఆమె ఫెయిర్‌బ్యాంక్స్‌కి ఫోన్ చేయలేదు. లైబ్రరీకి వెళ్ళింది. ఎందుకని అడిగితే, అలాస్కా గురించి పుస్తకం కావాలని చెప్పడానికి సిద్ధంగా ఉంది. ఎవరూ అడగలేదు.

బల్ల వెనక లిన్నియా ఉంది. బుగ్గల సొట్టలు నిజమే. మారెన్‌కి అవి మహా అనవసరంగా అనిపించాయి.

"మీరు స్టవ్‌లు బాగు చేసే మారెన్ కదూ?" అంది లిన్నియా ఉత్సాహంగా. "ఆర్విడ్ చెప్పారు. మీ గురించే చెబుతుంటారు."

"నా గురించా? మీతోనా?"

"నాతోనే. వేరే ఎవరుంటారు ఇక్కడ, ఈ చలిలో? మీరు ఆయన స్నేహితులైతే ఒక సాయం చేయండి. ఆయన్ని తీసుకెళ్ళిపోండి."

"అంటే?"

"గోడవారన ఆ వెచ్చటి రేడియేటర్ పక్క కుర్చీ చూశారా? సాయంత్రం ఆయన వస్తే ఇంకెవరికీ దక్కదది. బూట్లు విప్పి, కాళ్ళు రేడియేటర్‌కి ఆనించి, నావైపు వీపు పెట్టి కూర్చుంటారు. మేజోళ్ళు ఆరబెట్టుకుంటారు. నిన్న గురక కూడా పెట్టారు. నిద్ర లేపితే, ఫిర్యాదులేమీ లేవండీ అన్నారు."

"మిమ్మల్ని చూడ్డానికి వస్తున్నాడని ఊరంతా..."

లిన్నియా పకపకా నవ్వింది. "నన్నా? వచ్చే నెల నా పెళ్ళండీ. ఆయన వచ్చేది రేడియేటర్‌ని చూడ్డానికి. ఇంట్లో పొయ్యి లేదేమో పాపం."

మారెన్ ఆ కుర్చీ వంక మళ్ళీ చూసింది. పొయ్యి లేకపోవడమా! ఆ ఇంట్లో పొయ్యి ఉంది. ఆ పొయ్యికి ఫ్యాను ఉంది. ఆ ఫ్యానుకి తను స్వయంగా వైర్లు కలిపింది. పెద్ద ఫర్నేస్ ఉన్నా అది నీళ్ళ పైపులు గడ్డకట్టకుండా చూడటానికే, ఆ ఇంటికి అసలు వేడి ఆ ఫైర్‌ప్లేస్‌దే. మరి మనిషి లైబ్రరీలో మేజోళ్ళు ఎందుకు ఆరబెట్టుకుంటున్నాడు?

అలాస్కా పుస్తకం అలాగే వదిలేసి ఆమె కారు దగ్గరికి పరిగెత్తింది.

*

తలుపు తీసిన మనిషి మెడదాకా జిప్పు లాగిన దళసరి కోటులో ఉన్నాడు. చెవులు కప్పే బొచ్చుటోపీ పెట్టుకున్నాడు. ఉన్ని తొడుగులు వేసుకున్న చేత్తో కాఫీ కప్పు పట్టుకున్నాడు.

"ఎక్కడికైనా బయల్దేరుతున్నావా?" అంది మారెన్.

"లేదే. ఇంట్లోనే ఉన్నా," అన్నాడు ఆర్విడ్. మాటతో పాటు నోట్లోంచి ఆవిరి వచ్చింది.

ఆమె అతన్ని తోసుకుని లోపలికి నడిచింది. ఫైర్‌ప్లేస్‌లో కట్టెలు భగభగ మండుతున్నాయి. వేడంతా పొగగొట్టంలోంచి దేవుడి దగ్గరికి పోతోంది. ఫ్యాను తిరుగుతోంది, తిరుగుతున్నానని దానికే నమ్మకం లేనట్టు. మారెన్ నాబ్ వంక చూసింది. అది కుడివైపు చిట్టచివరకి తిప్పి ఉంది.

"దీన్ని ఇలా ఎవరు పెట్టారు?"

"నేనే. ఫుల్లు పెట్టాను."

"ఇది ఫుల్లా?"

"కుడివైపు కొస కదా. మా స్టూడియోలో ఏ నాబ్ అయినా కుడికి తిప్పితే పెరుగుతుంది."

"ఇది నీ స్టూడియో కాదు నాయనా! ఫ్యాను కంట్రోలు! ఆగి ఉన్న మోటారు కదలాలంటే ముందు పూర్తి బలం కావాలి. అందుకే క్లిక్‌మనగానే మొదట వచ్చేది ఫుల్లు. అక్కణ్ణుంచి కుడికి తిప్పేకొద్దీ తగ్గుతుంది. ఆ కొస అన్నిటికంటే తక్కువ!"

ఆమె నాబ్‌ని వెనక్కి తిప్పింది. ఫ్యాను ఒక్కసారి ఊపందుకుంది. వేడిగాలి గదిలోకి దూసుకొచ్చి ఆర్విడ్ టోపీ చెవుల్ని ఆడించింది.

"ఓ," అన్నాడు ఆర్విడ్.

"ఓ నా? ఇన్నాళ్ళు ఈ మంచుగడ్డలో కూర్చుని, ఓ అంటావా? నాకు ఒక్క ఫోన్ చేసి ఏడవొచ్చు కదా!"

"నువ్వే చేశావుగా."

"అప్పుడు ఫిర్యాదుల్లేవన్నావు!"

ఆర్విడ్ కప్పుని బల్లమీద పెట్టాడు. "మూత బిగించాక నువ్వు నవ్వావు. అంత బాగా నవ్విన మనిషికి, నీ పని బాగాలేదని ఎలా చెప్పను?"

"నా పని బాగాలేదా?" మారెన్ గొంతు పైకప్పుకి తగిలింది. "అంటే, నేను వైర్లు తప్పు కలిపానని అనుకున్నావు! అలా అనుకుని, నోరు మూసుకుని, ఊరి లైబ్రరీలో మేజోళ్ళు ఆరబెట్టుకున్నావు!"

"కాస్త అనుకున్నాను."

"కాస్త!"

"పైగా నువ్వు వెళ్ళిపోతున్నావు కదా. ఈ ఊళ్ళో నువ్వు చేసిన ఆఖరి పనేమో అది. అది చెడిపోయిందని చెప్పి నిన్ను సాగనంపాలా? దానికంటే చలే నయమనిపించింది."

మారెన్ నోట్లో తయారుగా ఉన్న తిట్లన్నీ ఒకదాని వెనక ఒకటి ఆగిపోయాయి. నాబ్ సంగతి చెప్పకుండా విసురుగా వెళ్ళిపోయింది తనే. అది ఆమెకి అప్పుడు గుర్తొచ్చింది. ఈ పిచ్చివాడు ఆమె నవ్వు చెడిపోకూడదని, బయట సున్నాకి ముప్ఫై కింద ఉంటే ఇంట్లో కోటేసుకుని పడుకున్నాడు. ఇంతకంటే పెద్ద ప్రేమ ఆమెకి తెలియదు. ఇంతకంటే పెద్ద తెలివితక్కువతనమూ తెలియదు.

"ఫిర్యాదు చెయ్యి," అంది.

"ఏంటి?"

"నాకు ఫిర్యాదు చెయ్యి. ఇప్పుడే. నీ జన్మలో ఒక్కటైనా చెయ్యి, వింటాను."

ఆర్విడ్ చుట్టూ చూశాడు, ఎవరైనా విని పోలీసులకి చెబుతారేమోనన్నట్టు. "కాఫీ చల్లారిపోయింది," అన్నాడు చివరికి.

"అది ఫిర్యాదు కాదు, వార్త."

"నాకు జలుబు చేసింది."

"అదీ వార్తే. ఊరంతా పొద్దున్నే వింటున్నాం. ఇంకా?"

గది వెచ్చబడుతోంది. ఆర్విడ్ టోపీ తీశాడు. తొడుగులు తీశాడు. కోటు జిప్పు సగం దాకా లాగి, అక్కడే ఆగిపోయాడు. మొహం ఎర్రబడింది. అది ఫ్యాను పనో, మరి దేని పనో.

"నువ్వు ఫెయిర్‌బ్యాంక్స్ వెళ్ళడం నాకు నచ్చలేదు," అన్నాడు.

మారెన్ ఒక అడుగు దగ్గరికి వచ్చింది. "ఎంత నచ్చలేదు? కాస్తా?"

"కాస్త కాదు. అస్సలు నచ్చలేదు. ఘోరంగా ఉంది." అంతవరకూ ఒక్కొక్కటీ వెతుక్కున్న మాటలు ఇక ఆగలేదు. "మంచి అవకాశం అన్నానే, పచ్చి అబద్ధం. ఆ కంపెనీ నచ్చలేదు. అలాస్కా నచ్చలేదు. మ్యాపులో అది ఉన్న చోటే నచ్చలేదు. మూడుసార్లు పొగగొట్టం ఊడిపించుకుంటే నువ్వు మూడుసార్లే రావడం నచ్చలేదు. వచ్చి అరగంటలో వెళ్ళిపోవడం అంతకంటే నచ్చలేదు. ఊడ్చేది ఏమీ లేకపోయినా ఊడిచి వెళ్ళిపోతావు, ఏం మనిషివి నువ్వు! నువ్వంటే నాకు ప్రాణం మారెన్. అది నీకు చెప్పలేక నోరు మూసుకుని ఇన్నేళ్ళు కూర్చోవడం నాకు అన్నిటికంటే నచ్చలేదు."

ఇంత పొడుగు మాట రేడియోలో కూడా అతను ఎప్పుడూ ఏకబిగిన చదవలేదు. భయపడిపోయి చటుక్కున ఆపేశాడు.

మారెన్ కళ్ళు తుడుచుకుంది. "వేడిగాలి తగులుతోంది," అంది, అతను అడగకపోయినా.

"తగ్గించనా?"

"నువ్వు ఆ నాబ్ ముట్టుకున్నావంటే చంపేస్తాను." ఆమె నాబ్‌కి అడ్డంగా నిలబడింది. "నాకూ నువ్వంటే ఇష్టం, తెలివితక్కువవాడా. ఊడ్చేది ఏమీ లేని పొగగొట్టం కోసం ఎవరొస్తారనుకున్నావు?"

ఆర్విడ్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. అతని వేళ్ళు ఇంకా మంచులాగే ఉన్నాయి. ఆమె వాటిని రెండు చేతుల మధ్య పెట్టుకుని గట్టిగా రుద్దింది.

"మరి సోమవారం వాళ్ళకి ఏం చెబుతావు?" అన్నాడు మెల్లగా.

"రానని చెబుతాను. అక్కడ చలి ఎక్కువట."

"నువ్వా? చలికి భయపడతావా?"

"ఏం, ఫిర్యాదులన్నీ నీవేనా? నాకు ఒకటి ఉండకూడదా?"

అతను నవ్వాడు. మధ్యలో తుమ్మాడు. మళ్ళీ నవ్వాడు. మారెన్ కుర్చీ ఒకటి ఫైర్‌ప్లేస్ దగ్గరికి లాక్కుని, కూర్చుని, వంగి బూట్ల తాళ్ళు విప్పడం మొదలుపెట్టింది.

"ఇంకా ఉన్నాయా, అయిపోయాయా?" అంది.

"చాలా ఉన్నాయి."

"అయితే మొదట్నుంచీ చెప్పు. నాకు తొందరేమీ లేదు."